మద్దెల ఓడా, ముంగిలి వంకరా?

తెలుగులో "ఆడలేక మద్దెల ఓడు" అని ఒక సామెత ఉంది. ఉర్దూలో "నాచ్ న జానే, ఆంగన్ టేఢా" అంటారు. నాట్యం రానివాడు తెలుగు నాట మద్దెలను నిందిస్తాడు. ఉర్దూ మాట్లాడే ఇంట ముంగిలి వంకరగా ఉన్నదని సాకు చెబుతాడు. నిందపడిన వస్తువు మారింది గాని మనిషి మారలేదు. ఈ రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాలలో ఈ రెండు సామెతలనూ పక్కపక్కన నిలిపి ఆలోచించడం సముచితమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అయితే ఇందులోని విషయం నాట్యం కాదు. మోటారు కారు ఇంజనును నడిపే కంప్యూటరు, దానిలో అమర్చిన ఒక చిన్న చిప్పు.

తెలుగు బోధించేవానికి కారు ఇంజనుతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఆ నవ్వు న్యాయమైనదే. నాకు కారు లేదు, నడపడమూ రాదు. కాని నా తమ్ముడు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ శిక్షణ ముగించి, మా కడప జిల్లా నుండి గల్ఫుకు వెళ్ళిన వేలాది యువకులవలెనే షార్జాకు వెళ్ళి, అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గరాజులో పనికి కుదిరాడు. 2018 మే నెల మొదటి వారంలో, రంజాను ఇంకా మొదలుకాకముందు, వేసవి సెలవులలో నేను అతని వద్దకు వెళ్ళాను. అక్కడ మూడు రోజులు నేను చూచినది, పదేళ్ళుగా తరగతి గదిలో నేను చెబుతున్న దానికంటె ఎక్కువ నాకు నేర్పింది. అందుచేతనే ఈ సాహసం.

ముందుగా ఆ యంత్రం సంగతి కొంచెం తెలుసుకొందాము. ఒకప్పుడు ఇంజనుకు పెట్రోలును గాలితో కలిపి అందించే పని ఒక సాధనానిది. ఆ మిశ్రమాన్ని వెలిగించే నిప్పురవ్వకు వేళ నిర్ణయించే పని మరొక సాధనానిది. 1979లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ ఈ రెండు పనులనూ ఒకే కంప్యూటరుకు అప్పగించి, ఆ ఏర్పాటుకు మోట్రానిక్ అని పేరు పెట్టింది. అది బి.ఎం.డబ్ల్యు. 732ఐ అనే కారులో మొదట వచ్చింది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదో, ఎంత గాలి పీల్చుకొంటున్నదో, ఎంత వేడెక్కినదో సెన్సర్లు చెబుతాయి. కంప్యూటరు ఆ వివరాలను పట్టుకొని తనలోని ఒక పట్టికను చూస్తుంది. అది పంచాంగం వంటిది. నిలువు వరుసలో ఇంజను వేగం, అడ్డ వరుసలో దాని మీద పడిన భారం. ఆ రెండూ కలిసే గడిలో నిప్పురవ్వకు ముహూర్తం వ్రాసి ఉంటుంది. పిస్టన్ పైకంటా చేరుటకు ఎన్ని డిగ్రీల ముందు రవ్వ రాలవలెనో ఆ అంకె చెబుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఆరు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 150 సార్లు ఈ ముహూర్తం పెట్టవలసి ఉంటుందంటే ఆ పురోహితుని శ్రమ ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

ఆనాటి కార్లలో ఈ పంచాంగం ఈప్రామ్ అనే చిప్పులో భద్రపరచబడి ఉండేది. ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ అనే ఇంజనీరు 1971లో కనిపెట్టిన సాధనమది. దాని వీపున చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఆ కిటికీ గుండా అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే లోపలి వ్రాత చెరిగిపోతుంది. తిరిగి కొత్తగా వ్రాసుకోవచ్చు. వెలుతురు తగలకుండా ఆ కిటికీ మీద కాగితం అంటిస్తారు. సాధారణంగా వాడే ఒక రకపు చిప్పుకు రెండు వైపుల కలిపి 28 లోహపు కాళ్ళు ఉంటాయి; 32,768 బైట్ల సమాచారం అందులో ఇముడుతుంది. కొన్ని కార్లలో ఆ చిప్పును సాకెట్టులో గుచ్చి ఉంచేవారు గనుక దానిని పీకి మరొకటి పెట్టడం సాధ్యమయ్యేది. నేటి కార్లలో చిప్పును పీకనక్కరలేదు. తనిఖీ కోసం ఉంచిన సాకెట్టుకు తీగ తగిలించి పట్టికనే తిరగవ్రాస్తారు. పద్ధతి మారింది గాని పని అదే.

కంపెనీవారు ఈ పట్టికను తయారుచేసేటప్పుడు కొంత జాగ్రత్తను మిగిల్చి పెడతారు. పెట్రోలు నాసిరకానిది కావచ్చు, ఎండ తీవ్రంగా ఉండవచ్చు, ఇంజను పాతబడవచ్చు. వీటన్నిటినీ తట్టుకొనునట్లు అంకెలను కొంచెం వెనుకకు లాగి ఉంచుతారు. అధిక శక్తినిస్తుందని అమ్మే చిప్పు ఈ జాగ్రత్తను తగ్గించి, దానినే శక్తిగా మార్చి చూపుతుంది. రవ్వను కొన్ని డిగ్రీలు ముందుకు జరుపుతుంది. పెట్రోలు పాలు మారుస్తుంది. ఇంజను గరిష్ఠ వేగానికి పెట్టిన హద్దును కొంచెం పెంచుతుంది. టర్బో ఉన్న ఇంజనులో దీనివలన చెప్పుకోదగిన లాభం ఉంటుంది. టర్బో లేని ఇంజనులో లాభం స్వల్పం. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" గనుక కొనేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇక జరిగిన సంగతి. 1980ల చివరినాటి ఒక జర్మనీ కారును ముచ్చటపడి కొనుక్కొన్న ఒక యువ ఉద్యోగి, దూరదేశం నుండి అటువంటి చిప్పును తెప్పించుకొని మా తమ్ముడి గరాజుకు వచ్చాడు. మా తమ్ముడు బ్యాటరీ తీగ విప్పి, డాష్‌బోర్డు వెనుక ఉన్న కంప్యూటరు పెట్టెను బయటకు తీసి, మూత తెరచి, పాత చిప్పును పీకి, కొత్తది గుచ్చాడు. అన్నీ తిరిగి బిగించి తాళం తిప్పాడు. స్టార్టరు గిర్రున తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. పదిసార్లు తిప్పినా అంతే. కారు యజమాని ముఖం వాడిపోయింది.

గరాజులోని పెద్ద మేస్త్రీ, అందరూ ఉస్తాద్ అని పిలిచే అనుభవశాలి, చేతులు తుడుచుకొంటూ వచ్చి తేలికగా తేల్చివేశాడు. "చిప్పు పాడైందని చెప్పి పంపించు. అమ్మినవాడు సముద్రాల కవతల ఉన్నాడు. వచ్చి నిన్ను అడుగుతాడా?" అన్నాడు. ఆ మాటలో లౌక్యం ఉన్నది. ఆ చిప్పు ధర మా తమ్ముడి నెల జీతంలో మూడవ వంతు. తప్పు తనదని తేలితే ఆ సొమ్ము జీతంలో కోత పడుతుంది. మద్దెల చేతికి అందుబాటులోనే ఉన్నది. నింద వేయడమే తరువాయి.

మా తమ్ముడు ఆ పని చేయలేదు. "చూడకుండా ఎలా చెప్పను, ఉస్తాద్?" అని మాత్రం అన్నాడు. తరువాత అతడు నడచిన క్రమాన్ని విద్యార్థులు గమనించవలెనని నా కోరిక.

మొదట బ్యాటరీలో తగినంత శక్తి ఉన్నదో లేదో మీటరుతో కొలిచాడు, ఉన్నది. తరువాత కొత్త చిప్పును తీసి, పాత చిప్పును దాని స్థానంలో పెట్టి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను పలికింది. ఈ ఒక్క ప్రయోగంతో నూరు అనుమానాలు తీరిపోయినవి. పెట్రోలు పంపు బాగున్నది, స్పార్కు ప్లగ్గులు బాగున్నవి, సెన్సర్లు బాగున్నవి, కంప్యూటరుకు వచ్చే తీగల కట్ట సరిగా బిగిసింది. పాత చిప్పుతో కూడ ఇంజను పలకకపోయి ఉంటే పెట్టెను విప్పి బిగించడంలోనే ఏదో చెడినదని అర్థం. అలా కాదు గనుక లోపం ఇక రెండే చోట్ల ఉండవలె: కొత్త చిప్పులో, లేదా దానిని గుచ్చిన చేతిలో.

ఆ రెండవ అవకాశాన్ని అతడు లెక్కలోకి తీసుకొన్నాడు. అదే ఈ వ్యాసానికి ప్రాణం.

చిప్పుకు ఒక చివర చిన్న గంటు ఉంటుంది. సాకెట్టు మీది గంటుతో అది ఒకే దిక్కుకు ఉండవలెను. తలకిందులుగా పెడితే విద్యుత్తు రావలసిన కాలుకూ, భూమికి కలవవలసిన కాలుకూ తారుమారై చిప్పు మాడిపోతుంది. గంటు సరిగానే ఉన్నది. కంప్యూటరు పెట్టె మీది సంఖ్యను, చిప్పుతో వచ్చిన కాగితంలోని సంఖ్యను సరిచూచాడు, రెండూ ఒకటే. ఆ తరువాత భూతద్దం తెచ్చి చిప్పును వెల్లకిలా తిప్పి ఒక్కొక్క కాలూ లెక్కపెట్టుతూ పోయాడు. తొమ్మిదవ కాలు సాకెట్టులోకి దిగకుండా మడతపడి చిప్పు పొట్ట కిందికి ముడుచుకొని ఉన్నది. పైనుండి చూచిన కంటికి అన్ని కాళ్ళూ దిగినట్లే కనిపించినవి.

ఆ కాలు చిప్పులోని సమాచారానికి చిరునామా అందించే తీగలలో ఒకటి. ఇంటి నంబరులో ఒక అంకె చెరిగిపోతే తపాలా బంట్రోతు ఒక ఇంటి ఉత్తరం మరొక ఇంట వేసినట్లు, కంప్యూటరు ఒక గడిలోని అంకె అడిగితే మరొక గడిలోని అంకె వచ్చింది. దారితప్పిన కంప్యూటరు రవ్వనూ ఇవ్వలేదు, పెట్రోలునూ చిమ్మించలేదు.

కాసేపు అతడు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఉస్తాద్, తప్పు చిప్పుది కాదు, నాది. తొందరలో గుచ్చాను" అన్నాడు. యజమానికి కూడ అదే మాట చెప్పాడు. సన్నని పట్టకారుతో ఆ కాలును మెల్లగా నిలబెట్టాడు. అటువంటి కాళ్ళు రెండుమూడు సార్లు వంచితే విరిగిపోతాయి. చిప్పును మరొక చిన్న సాకెట్టులో కూర్చోబెట్టి, ఆ సాకెట్టుతో సహా కంప్యూటరులో గుచ్చాడు. ఇక మీదట ఎన్నిసార్లు తీసినా అరిగేవి ఆ సాకెట్టు కాళ్ళే గాని చిప్పు కాళ్ళు కావు. తాళం తిప్పగానే ఇంజను పలికింది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఇది నీతికథ అయి ఉండేది. మరునాడు యజమాని కోపంతో తిరిగి వచ్చాడు. వంతెన ఎక్కునప్పుడు ఇంజనులో నుండి ఇనుపగుళ్ళు రాలినట్లు టకటక శబ్దం వస్తున్నదని, నిన్న వంచిన కాలే దీనికి కారణమని నిలదీశాడు. ఒక తప్పు ఒప్పుకొన్నవాని మీద మిగిలిన తప్పులన్నీ మోపడం లోకరీతి.

ఆ శబ్దాన్ని మెకానిక్కులు నాకింగ్ అంటారు. రవ్వ రాలిన తరువాత మంట సిలిండరులో ఒక అంచు నుండి మరొక అంచుకు క్రమంగా వ్యాపించవలె. రవ్వ మరీ ముందుగా రాలినా, పెట్రోలు ఆక్టేన్ సంఖ్య తక్కువైనా, లోపలికి పోయే గాలి మరీ వేడిగా ఉన్నా, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం ఒత్తిడికి తనంతట తాను భగ్గుమంటుంది. అదే ఆ శబ్దం. అది ఎక్కువకాలం సాగితే పిస్టన్లు దెబ్బతింటాయి. నేటి కార్లలో ఈ శబ్దాన్ని పసికట్టే సెన్సరు ఉండి రవ్వను వెంటనే వెనుకకు జరుపుతుంది. అటువంటి కారులో నాసిరకం పెట్రోలు పోసినవానికి శబ్దమూ వినిపించదు, కొన్న శక్తీ దక్కదు. ఆ పాత కారులో ఆ సెన్సరు లేదు.

మా తమ్ముడు ఈసారి తప్పు తనదని తొందరపడి ఒప్పుకోలేదు. తనది కాదని వాదించనూ లేదు. పాత చిప్పు పెట్టి అదే పెట్రోలుతో అదే వంతెన ఎక్కించాడు. శబ్దం లేదు. కొత్త చిప్పులోని సమాచారాన్ని ఒక యంత్రంతో చదివించి, అమ్మినవాడిచ్చిన మొత్తంతో సరిపోల్చాడు, సరిపోయింది. కనుక చిప్పు చెడలేదు. కాలు వంగినందువలన వచ్చిన నష్టమూ లేదు. అప్పుడు, ఏ పెట్రోలు పోస్తున్నారని అడిగాడు. ఆ దేశపు బంకులలో 98, 95, 91 ఆక్టేన్ల పెట్రోలు మూడు రకాలుగా దొరుకుతుంది. చిప్పుతో వచ్చిన కాగితంలో 98 అని స్పష్టంగా వ్రాసి ఉన్నది. యజమాని చవకగా వస్తుందని 91 పోయిస్తున్నాడు. ట్యాంకు ఖాళీ చేయించి 98 పోయగా శబ్దం చాలవరకు తగ్గింది. నడిమధ్యాహ్నపు ఎండలో, పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం కొంచెం మిగిలింది. ఒక్కొక్క పరీక్షలో ఒక్కటే మార్చాడు. రెండు మార్పులు ఒకేసారి చేయలేదు. అందువలననే ప్రతి ఫలితానికీ ఒక అర్థం ఉన్నది.

చివరకు యజమాని పాత చిప్పునే ఉంచుకొని వెళ్ళిపోయాడు. మా తమ్ముడికి ఒక రోజు కూలి కోత పడింది. బహుమానం ఏమీ రాలేదు. రాత్రి గదిలో నేను, "ఉస్తాద్ చెప్పినట్లు చెప్పి ఉంటే ఆ కోత తప్పేది గదా" అన్నాను. అతడు చెప్పిన జవాబు నేను మరువలేను. "చిప్పు మీద నెట్టి ఉంటే ఇంకో చిప్పు వచ్చేది, భాయ్. దాన్ని కూడా నేనే అలాగే తొందరగా గుచ్చేవాణ్ణి."

నేను అతని మాటలలో నిజాయితీ గొప్పతనాన్ని గురించిన ఉపన్యాసం వినగలనని ఆశించాను. అతడు చెప్పినది కేవలం పనితనానికి సంబంధించిన మాట. మద్దెలను నిందించినవానికి నాట్యం రాదు. ఎందుకంటే తన కాలు ఎక్కడ తప్పినదో వానికి ఎన్నటికీ తెలియదు. లోపాన్ని వెదికేవానికి మీటరుకంటె, భూతద్దంకంటె ముందు కావలసిన పరికరం "తప్పు నాదే కావచ్చు" అనే ఒప్పుదల. అది వినయం కోసం కాదు. అది లేకుంటే వెదకవలసిన చోట్లలో ఒక చోటు ఎప్పటికీ వెదకబడకుండానే మిగిలిపోతుంది.

తెలుగు సాహిత్యంలో తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారి పని కూడ ఇటువంటిదే. మా కడపలో నివసించిన సి.పి. బ్రౌన్ దొరవారు 1829లో వేమన పద్యాలను ప్రచురించిన సంగతి మీకు తెలిసినదే. వారు పండితులను నియమించి, ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి చూపించేవారు. ఒక ప్రతిలో వ్రాయసకాడు ఒక అక్షరం జారవిడిస్తే ఛందస్సు దానిని పట్టి ఇస్తుంది. గణం చెడినచోట ఏదో పోయినదని తెలుస్తుంది. చిప్పులోని అంకెలన్నిటినీ కూడి సరిచూచే పద్ధతి, దానిని చెక్‌సమ్ అంటారు, సరిగా ఇటువంటిదే. అయితే ఛందస్సు తప్పు ఉన్నదని చెబుతుంది గాని ఒప్పు ఏదో చెప్పదు. గణం చెడకుండా దొర్లిన తప్పును అది పట్టలేదు. అందుకు మూలప్రతి కావలె. పాత చిప్పును పారవేయకుండా దాచుకొన్న మెకానిక్కు, పాత ప్రతిని దాచుకొన్న పండితుడు ఒకే విద్యకు చెందినవారు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఇంటర్మీడియట్‌లో నేను ఎం.పి.సి. విద్యార్థిని. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం విలువ 980కి దగ్గరగా రావలెనని మాకు ముందే తెలుసు. నాకు వచ్చినది అది కాదు. ఆ విలువ ఎందుకు వచ్చినదని వెదకక, రీడింగులను వెనుకనుండి లెక్కకట్టి దిద్ది, 979 రప్పించి రికార్డులో వ్రాసి పూర్తి మార్కులు పొందాను. నేను దారం పొడవు తప్పుగా కొలిచానా, డోలనాలు తప్పుగా లెక్కపెట్టానా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. తమ్ముడు పట్టకారుతో ఆ కాలును నిలబెట్టుతుండగా నా మనసులో మెదిలినది ఆ 979 సంఖ్యయే. నేటి మన విద్యార్థులు అంతకంటె భిన్నంగా లేరని, నిరుటి రికార్డు ఈ ఏడు చేతులు మారుతుందని నాకు తెలుసు. వారిని మాత్రమే నిందించడం మళ్ళీ మద్దెలను నిందించడమే. చదవకుండా సంతకం పెట్టేవారము మేము. సరియైన జవాబుకు మార్కులు వేసి, తప్పు జవాబుకు కారణం వెదికినవానికి సున్న వేసేవారము మేము.

యంత్రాలకు అబద్ధం నేర్పిన మనుషులు కూడ లోకంలో ఉన్నారు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిలు కార్లలోని కంప్యూటర్లకు, పరీక్ష జరుగుతున్నదని పసికట్టి ఆ కాసేపు మాత్రమే పొగను అదుపులో ఉంచే ప్రోగ్రాము అమర్చినట్లు బయటపడింది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్ల వ్యవహారమది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్లను రోడ్డు మీద నడిపి కొలిచి, పరీక్షశాలలోని అంకెలతో పోల్చడంవలన ఆ గుట్టు రట్టు కావడానికి దారి ఏర్పడింది. వారు చేసినదీ నా తమ్ముడు చేసినదీ ఒకటే పని: రెంటినీ పక్కన పెట్టి సరిపోల్చడం. ఆ కార్లకు ప్రోగ్రాము వ్రాసినవారు చదువురానివారు కారు. వారి 979 మన 979కంటె ఖరీదైనది, అంతే.

మన యువకులలో కొందరు ఇప్పుడు డీజిలు కార్లకు శక్తి పెంచే పెట్టెలు తగిలిస్తున్నారు. వాటిలో ఒక రకం చేసే పని విచిత్రమైనది. ఇంధనపు ఒత్తిడి కొలిచే సెన్సరుకూ కంప్యూటరుకూ నడుమ అది కూర్చొని, ఉన్న ఒత్తిడిని తక్కువ చేసి కంప్యూటరుకు చెబుతుంది. ఆ మాట నమ్మి కంప్యూటరు ఒత్తిడి పెంచుతుంది. సెన్సరు చెప్పినది ఒకటి, కంప్యూటరు విన్నది ఒకటి అయిన తరువాత, ఆ బండిలో రేపు లోపం వస్తే మెకానిక్కు దేనిని నమ్మి వెదకవలె? మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేట్లు బండిని మార్చరాదంటున్నది. చట్టం సంగతి అటుంచినా, అదుపు తప్పిన డీజిలు నల్లని పొగగా మారి, రోడ్డు పక్క తోపుడుబండి పెట్టుకొన్న పేదవాని ఊపిరితిత్తులలోకి పోతుంది. ఉర్దూలో "నీమ్ హకీమ్ ఖత్‌రా-ఎ-జాన్" అంటారు. అరకొర వైద్యుడు ప్రాణానికే ముప్పు. ఇక్కడ ఆ ముప్పు వైద్యం చేయించుకొన్నవానితో ఆగదు.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. కొత్త భవనాలకు, కొత్త కంప్యూటర్లకు మీరు చేస్తున్న కృషి శ్లాఘనీయం. వాటికి తోడుగా ఒక మూల గదిలో ఒక పొడవాటి బల్ల వేయించండి. దాని మీద రెండు మల్టీమీటర్లు, ఒక భూతద్దం, ఒక సోల్డరింగు కడ్డీ, పట్టణంలోని గరాజుల నుండి సేకరించిన పాత ఇంజను కంప్యూటర్లు, పాడైన ఫ్యాన్లు, మిక్సీలు ఉంచండి. వాటిని బాగుచేయడమే లక్ష్యం కానవసరం లేదు. బాగుచేయబూనిన విద్యార్థి తాను ఏమి అనుమానించాడో, ఏమి పరీక్షించాడో, ఏది తప్పని తేలిందో ఒక పుస్తకంలో తేదీతో సహా వ్రాయవలె. ఆ పుస్తకానికే మార్కులు వేయండి. "నేనే తప్పుగా బిగించాను" అన్న వాక్యానికి ఒక్క మార్కు కూడ తగ్గించవద్దు. కోత పడదన్న ధైర్యం ఉన్నచోటనే నిజం నోట వస్తుంది. నా తమ్ముడు కోత పడుతుందని తెలిసి చెప్పాడు. మన పిల్లలందరి నుండి అంత సాహసం ఆశించడం న్యాయం కాదు.

విద్యార్థులకు మూడు మాటలు. ఏ మార్పు చేయబోయినా ముందున్న స్థితిని వ్రాసి ఉంచుకోండి, పాతదానిని పారవేయకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. వెదకవలసిన చోట్ల పట్టికలో మీ పేరు కూడ వ్రాసుకోండి. ఇవి కారుకు మాత్రమే కాదు, పరీక్ష తప్పినప్పుడు, వ్యాపారం దెబ్బతిన్నప్పుడు, ఇంట మాట పట్టింపు వచ్చినప్పుడు కూడ పనికివస్తాయి.

ఒక్క మాట మాత్రం చెప్పి ముగిస్తాను. మద్దెల నిజంగా ఓటిది కావచ్చు. ముంగిలి నిజంగానే వంకరగా ఉండవచ్చు. ఆ రెండవ రోజున శబ్దానికి కారణం మా తమ్ముడి చేయి కాదు, పెట్రోలే. కాని ఆ మాట అనగల అర్హత అతనికి మొదటి రోజున వచ్చింది.